తువ్వాలు కింద చెయ్యి

నలభై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో ధర పైకి చెప్పకుండా తువ్వాలు కింద రైతుల వేళ్లు నొక్కి బేరాలు చేసిన చలమయ్య శెట్టి రిటైరైన రోజున, ఆయన ఎవరికోసం మిర్చి కొన్నాడో ఆ కంపెనీ ఆయన కుడిచేతికి కదిలే రబ్బరు నకలు తీయించుకుంది. ఇప్పుడు యార్డులో ప్రతి కాటా దగ్గరా ఆ రబ్బరు చెయ్యే బేరమాడుతోంది.

ఇంట్లో పొద్దుపోక ఒకనాడు ఆయన యార్డుకెళ్లాడు. పాత రైతు పోలయ్య ఎదురొచ్చాడు.

"అచ్చం మీ చెయ్యే, శెట్టిగారూ! అదే వెచ్చదనం. మీరు మానేసినట్టే లేదు."

చలమయ్య పొంగిపోయి తానూ తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. రబ్బరు వేళ్లు పోలయ్య బస్తాలకి ధర ఆయన వేళ్ల మీద నొక్కాయి. తర్వాత బొటనవేలు ఆయన అరచేతిని రెండుసార్లు మెల్లగా నిమిరింది. నీకొక్కడికే ఈ ధర, ఎవరికీ చెప్పకు అని దానర్థం. నలభై ఏళ్లూ ఆయన ప్రతి రైతు అరచేతినీ అలాగే నిమిరాడు. దాన్ని నేర్పరితనం కిందే లెక్కేసుకున్నాడు. ఇప్పుడది తన అరచేతికే తగిలేసరికి జెర్రి పాకినట్టయి చెయ్యి లాక్కున్నాడు.

"ఒప్పుకోకు పోలయ్యా! తక్కువ ధర. ఆ నిమరడం అందరికీ చేసేదే, మోసం."

"మాకెప్పుడో తెలుసండీ. మీకే ఇయ్యాల తెలిసినట్టుంది. బస్తాలు వెనక్కి మోసుకుపోలేం గదా!" అంటూ పోలయ్య తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

ఇంటికొచ్చి చలమయ్య సబ్బుతో మూడుసార్లు చెయ్యి కడుక్కున్నాడు. భార్య వడ్డించిన పప్పన్నం కలపబోయి ఆగిపోయాడు.

"శేషమ్మా, ఓ చెంచా ఇలా ఇయ్యి."

"చెంచాతో తినేవాళ్లని చూస్తే నవ్వేవారుగా! చేతికేమైందండీ?"

"ఏం కాలేదు. దీంతో ముద్ద నోట్లో పెట్టుకోలేను."