ఏడుపు తీసేసిన సీరియల్

"నువ్వు చదువుతావా, పక్కింటావిణ్ణి పిలవనా?" మంచం మీంచి ఆడపడుచు గొంతు ఖంగుమంది. ఆమె రెండు కళ్లకీ కట్లున్నాయి. అయినా అరచెయ్యి సరిగ్గా వారపత్రిక మీదే ఉంది.

మాత్రలు పట్టుకొచ్చిన వదిన, పేరున్న రచయిత్రి, గుమ్మంలోనే ఆగిపోయింది. "డాక్టరేమన్నాడు? కట్లు విప్పేదాకా కంట తడి రాకూడదన్నాడా లేదా? కుట్లు పాడైతే చూపుకే ముప్పన్నాడా లేదా?"

"ఏడవొద్దన్నాడు. వినొద్దనలేదుగా!"

"ఆ సీరియల్ వింటూ ఏడవకుండా ఎవరుంటారే? దాని పనే అది. పోనీ, నా కొత్త నవల వినిపించనా?"

"వద్దు తల్లీ! ఆపరేషనప్పుడిచ్చిన మత్తే ఇంకా దిగలేదు."

రచయిత్రికి కోపం రాలేదు. కోపానికైనా ఓపికుండాలి. ఆపరేషనైన దగ్గర్నుంచీ వంట, మందులు, చెయ్యి పట్టుకుని స్నానాలగది దాకా నడిపించడంతోనే పొద్దు గూకుతోంది. రాసుకునే బల్ల మీద దుమ్ము పేరుకుంది. ఆమె కుర్చీ లాక్కుని కూలబడింది. కిటికీలోంచి వచ్చే ఎండ రోగి మొహం మీదికి పోకుండా తన వీపు దగ్గరే ఆగింది. నడుంనొప్పికి వెచ్చగా తగిలింది. అదే పదివేలు అనుకుంది.

"ఇలా తే. నేనే చదువుతాను."

పక్కింటావిడ చదివితే రాగం తీసి మరీ చదువుతుంది. అంతకంటే ఇదే నయం.

ముందు కళ్లతో పేజీ అంతా చూసుకుంది. అనుకున్నంతా ఉంది. నాయిక ప్రేమించినవాడు ఆమె చెల్లెల్నే పెళ్లి చేసుకుంటాడు. ఆకాశంలో ఉరుము. ఇంట్లో దీపం ఆరిపోవడం. నాయిక గుండెలు బాదుకుంటూ గుమ్మంలో పడిపోవడం. పేజీ నిండా 'అయ్యో'లే. సభల్లో ఇలాంటి సీరియళ్లని 'కన్నీళ్లమ్మే కొట్లు' అని ఏకిపారేసిన మనిషి ఇప్పుడదే కొట్లో కూచుంది.

"మొదలెట్టవేం? పెళ్లయిందా?"

"అయింది."

"పిల్లేం చేసింది మరి?"

రచయిత్రి పేజీ మీద కళ్లుంచింది గానీ, అందులో ఉన్నది చదవలేదు. ఉరుము మింగేసింది. దీపాన్ని ఆరిపోనివ్వలేదు. నోటికొచ్చినట్టు, ఏ రాగమూ లేకుండా చెప్పుకుపోయింది.

"పెళ్లికొచ్చినవాళ్లంతా భోజనాలకి కూచున్నారు. గుమ్మం బయట చెప్పులు చిందరవందరగా ఉన్నాయి. అక్క వాటిని జతలుజతలుగా సర్దింది. అతని చెప్పులు కనిపించాయి. ఒక చెప్పు వారు ఊడబోతోంటే, వేలితో నొక్కి సరిచేసింది. వాటి పక్కనున్న తన చెప్పులు తీసేసి, అక్కడ చెల్లెలి చెప్పులు పెట్టింది. తర్వాత లోపలికెళ్లి గిన్నెలు కడుక్కుంది."

"ఊఁ?"

"అంతే. ఈ వారానికి అయిపోయింది."

రచయిత్రికి ప్రాణం కుదుటపడింది. పత్రిక మూసి, నీళ్ల గ్లాసు అందించబోయింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కట్టు కింది అంచు తడుస్తోంది.

"ఏమే! ఏడుస్తున్నావా?" దూది కోసం తడుముకుంది. "ఏడవకే, నీకు పుణ్యముంటుంది! చూపు పోతుందే!"

"నా వల్ల కావట్లేదు వదినా... ఆ చెప్పులు..."

"ఇంత జాగ్రత్తపడ్డానే! కథలో ఏడుపన్నది లేకుండా తీసేసి చెప్పానే!" రచయిత్రి దూదితో కట్టు అంచు అద్దింది.

ఆడపడుచు వెక్కిళ్లు ఒక్కసారిగా ఆగాయి.

"తీసేశావా? కొంప ముంచావు కదే వదినా! ఆ ఏడుపులు చదివి పడీపడీ నవ్వుకోడానికేగా, నేను ఆ పత్రిక కొనేది!"