సంచి సోదా

"ఆ సంచి ఇలా ఇవ్వండి!" సౌజన్య అత్తగారి చేతిలోంచి లాక్కుంది.

పక్కగదిలో ఆరేళ్ల కూతురు లిఖిత గోడకేసి తల బాదుకుంటోంది. గోధుమ కడుపులో పడితే ఒళ్లే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఆ బాధకి కొరుకుతుంది, రక్కుతుంది. ఏడాదిగా మందులు, పథ్యం. అయినా తగ్గడం లేదు.

"నేనేం పెట్టలేదు," అంది అప్పుడే తెనాలి బజారు నుంచి వచ్చిన అంకమ్మ.

సౌజన్య సంచి బోర్లించింది. దొండకాయలు, వక్కల పొట్లం, ఇంగువ డబ్బా.

"పిల్లకి తెచ్చిన బన్నేది? అప్పుడే తినిపించేశారా?"

"అమ్మా, నిజం చెప్పు. నీ ముద్దే పిల్ల ప్రాణం మీదికొస్తోంది," అన్నాడు ఫణీంద్ర.

"నా మాట నమ్మరుగా! అన్నిటి మీదా అక్షరాలు చదువుతారుగా, ఆ డబ్బా కూడా చదువుకోండి. నీ పెళ్లాం తెమ్మంటేనే తెచ్చా!"

ఫణీంద్ర విసురుగా డబ్బా తిప్పాడు. "ఇంగువ, జిగురు, గోధుమ పిండి..." అని గొంతులోనే గొణిగి ఆగిపోయాడు.

సౌజన్య డబ్బా లాక్కుని తనూ చదివింది. పొయ్యి మీద, పిల్ల కోసమని రోజూ విడిగా కాచే చారు మరుగుతోంది. వంటిల్లంతా ఇంగువ వాసన.

"ఏం రాశాడ్రా అందులో?" అంది చదువురాని అంకమ్మ.

సౌజన్య పొయ్యి కట్టేసి, చారు సింకులో పారబోసింది.

"గోధుమ పిండి ఇందులోనే ఉందంట అత్తయ్యా. రోజూ పెట్టింది నేనే."

అంకమ్మ కోడలి వంక చూసింది.

"అయితే ఆ సంచి నువ్వే సర్దు," అని పిల్ల దగ్గరికి వెళ్లింది.