వాలులో గుంట

“అక్కా, గుంట అక్కడ పెడుతున్నావేంటి? అది నున్నటి వాలు. బంతి నిలవదు!” అన్నాడు తమ్ముడు.

“నిలవకూడదనే,” అంది అక్క, తవ్వే గొట్టాన్ని పచ్చికలోకి దించుతూ.

ఆ గోల్ఫ్ మైదానంలో పచ్చిక పనికి ఇప్పుడు ఆమే పెద్ద. గుంట ఎక్కడుండాలో తేల్చేదీ ఆమే. ఒకప్పుడు ఇక్కడే కూలి. కోత మిషన్ ఎక్కిందని అప్పటి మేనేజరు పదిమందిలో కిందికి లాగి, “ఆడదానివి, కలుపు పీక్కో పో” అని తరిమేశాడు. ఎక్కడెక్కడో పని నేర్చుకుని, ఆయన రిటైరయ్యాక హెడ్‌గా తిరిగొచ్చింది. ఇవాళ క్లబ్బు పోటీ ఫైనల్ ఆడుతున్నది ఆయనే. ఇది ఆటలో ఆఖరి గుంట.

మేనేజరు కొట్టిన బంతి గుంట అంచుదాకా వెళ్లి, దొర్లుకుంటూ ఆయన బూట్ల దగ్గరికే వచ్చింది. జనం ఘొల్లున నవ్వారు. అక్క కడుపు చల్లబడింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ జారింది. చివరికి ఎలాగో పడింది.

“ఇక చాలా అక్కా?”

“చాల్లేదురా.”

తర్వాత ఆయనతో పోటీపడుతున్న అమ్మాయి వంతు. అప్పటిదాకా తక్కువ దెబ్బలతో ముందున్నది ఆ పిల్లే. అక్క కళ్లు మాత్రం మేనేజరు మీదే ఉన్నాయి. ఆ పిల్ల బంతి ఎన్నిసార్లు జారిందో ఆమె చూడనే లేదు.

చప్పట్లు మోగాయి. కప్పు మేనేజరుదే.

ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. ఆమెను గుర్తుపట్టలేదు. “ఈ గుంట పెట్టింది నువ్వేనా తల్లీ? నీ పుణ్యమా అని గెలిచాను. లేకపోతే ఆ పిల్ల నన్ను చిత్తుగా ఓడించేది!”

అక్క కంచె దగ్గర కళ్లు తుడుచుకుంటున్న ఆ పిల్ల వైపు, ఏం చెప్పాలో తెలియకుండానే నడిచింది.