ఓడిపోయిన కేసు

భీమవరంలో రొయ్యల చెరువులకు మేత వేసేవీ, నీళ్లు పరీక్షించేవీ యంత్రాలే అయ్యాక, రైతులకు ఆ యంత్రాల కంపెనీలతో తగాదాలు మొదలయ్యాయి. ఆ కేసుల కోసం లాయరు నీరజాక్షి రొయ్యల రైతులకు ఉచితంగా సెమినార్లు పెట్టేది. నాలుగు పెట్టినా ఒక్క క్లయింటూ రాలేదు.

సెమినారు హాల్లో కుర్చీలకు దీపాలుంటాయి. కూర్చున్న మనిషి మనసుపెట్టి వింటే ఆకుపచ్చగా వెలుగుతాయి. అయిదోసారీ నీరజాక్షి తాను గెలిచిన కేసులే వరసగా చెప్పుకొచ్చింది. ఒక్క దీపమూ వెలగలేదు.

సత్తిరాజు అనే రైతు లేచాడు.

"అన్నీ గెలిచినవే చెబుతున్నారు. ఎప్పుడూ ఓడిపోలేదాండీ?"

ఏం చెప్పి తప్పించుకోవాలో నీరజాక్షి చెవిలో ఉన్న సలహాల యంత్రం అందించింది. ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఓడిపోయానండీ. ఆకివీడు రైతు ఒకాయన కంపెనీతో చేసుకునే ఒప్పందాన్ని నా యంత్రం చదివి, బాగానే ఉందంది. నేను చదవలేదు. కంపెనీ యంత్రం తప్పు వల్ల రొయ్యలు చచ్చినా నష్టం రైతుదేనని అందులో ఉంది. రొయ్యలు చచ్చాయి, కేసు ఓడిపోయాం, ఆయన చెరువులు అమ్ముకున్నారు. తప్పు నాదే."

వెనక వరసలో ఒక దీపం వెలిగింది. తర్వాత దాని పక్కది. కాసేపటికి హాలంతా ఆకుపచ్చబడింది. నీరజాక్షికి సంతోషం కలగలేదు, సిగ్గేసింది.

అందరూ లేచాక సత్తిరాజు కాగితాల కట్ట తెచ్చిచ్చాడు.

"మాకూ కంపెనీతో తగాదా ఉందండీ. ఇది మా ఒప్పందం. మీరే చదవాలి."

ఆమె అక్కడే కూర్చుని చదవసాగింది. పదకొండో పేజీలో, అంతా రైతుకు చదివి వినిపించామన్న వాక్యం దగ్గర ఆగింది.

"సంతకం పెట్టేముందు ఇది మీకెవరైనా చదివి వినిపించారాండీ?"

"లేదండీ."

"అయితే మనకు కేసుందండీ," అని ఆమె పేజీ తిప్పింది.