కాయిల్ వైరు

భార్య పోయిన రోజు, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, బావమరిది గుమ్మంలో ఆగి అడిగాడు.

"అక్క కారు నేను తీసుకెళ్ళనా, బావగారూ? మీకెలాగూ నడపడం రాదు కదా."

"అది స్టార్ట్ కావడం లేదు" అన్నాడతను. నోటికొచ్చిన అబద్ధం.

"అయితే ఆదివారం వచ్చి చూస్తాను. బాగవగానే తీసుకెళ్తాను."

శనివారం సాయంత్రం అతను బానెట్ ఎత్తి, కాయిల్ వైరును గోరంత పైకి లాగాడు. పైన రబ్బరు తొడుగును మాత్రం ఎప్పటిలా సర్దాడు. ఆ వైరు అందకపోతే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టదు. ఆమె ఒకసారి చూపించిన సంగతే.

బావమరిది రెండు బస్సులు మారి వచ్చాడు. ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్దాడు. తాళం తిప్పితే ఇంజన్ గుర్రుమంది, అందుకోలేదు.

"మొండిఘటం. అక్క బండి కదా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది.

అలా ఆదివారాలు గడిచాయి. ఆయిల్ మార్చారు. బెల్టు మార్చారు. బ్యాటరీ కొసలు వేడినీళ్ళతో కడిగారు. ఆమె ఉన్నన్నాళ్ళూ పొడిపొడిగా మాట్లాడుకున్న మనుషులు. ఇప్పుడు "బావగారూ" కాస్తా "బావా" అయింది.

"స్పానర్ అలాగా పట్టుకునేది? గరిటె అనుకున్నావా బావా?"

"గరిటె కూడా ఇప్పుడే నేర్చుకుంటున్నానురా."

"తెలుస్తోందిలే. పోయిన వారం తిన్నాగా."

మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో మాట వినిపించదు. సోమవారం అతను వైరు పెట్టేసేవాడు. రోజూ సాయంత్రం, ఆమె ఆఫీసు నుంచి వచ్చే వేళకి, ఇంజన్ ఆన్ చేసి ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. శనివారం మళ్ళీ లాగేసేవాడు.

పదకొండో వారం జ్వరంతో మంచం పట్టాడు. ఆదివారం బావమరిది వస్తే తలుపు తీసి, తాళం చేతికిచ్చి, మళ్ళీ పడుకున్నాడు. కిటికీలోంచి చూస్తే బావమరిది బానెట్ కిందికి వంగి ఉన్నాడు. వైరు లాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

దుప్పటితోనే బయటికి వచ్చాడు. "ఇవాళ వద్దులేరా. వచ్చే వారం చూద్దాం."

"నువ్వు కూర్చో బావా. నేను చూసుకుంటాగా."

బావమరిది కారెక్కి తాళం తిప్పాడు. అతను కళ్ళు మూసుకున్నాడు. వచ్చే ఆదివారం ఎవరూ రారు.

ఇంజన్ గుర్రుమంది. అందుకోలేదు.

"ఇది ఇప్పట్లో తేలేలా లేదు." బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "వచ్చే వారం వస్తాను. మందు వేసుకో."

గేటు చప్పుడయ్యాక అతను బానెట్ ఎత్తాడు. రబ్బరు తొడుగు ఎప్పటిలా సర్ది ఉంది.

దాని కింద, ఈ వారం తను ముట్టుకోని వైరు గోరంత పైకి లాగి ఉంది. అతను దాన్ని మళ్ళీ పెట్టలేదు.