పరుగును ఆపని లెన్స్

కెమెరా షాపులో రెండు జూమ్ లెన్సుల మధ్య ఆ అమ్మాయి అరగంటగా తేల్చుకోలేకపోతోంది.

ఒకటి రెండున్నర కిలోలు. అందులో స్టెబిలైజర్ ఉంది. చెయ్యి వణికినా బొమ్మ చెదరదు.

రెండోది సగం బరువే. స్టెబిలైజర్ లేదు.

"దేనికమ్మా లెన్స్?" పక్కనే నిలబడ్డ పెద్దాయన అడిగాడు.

"పరుగు పందేలకి. ఎల్లుండి స్టేడియంలో నా మొదటి డ్యూటీ." పత్రిక పేరు కూడా గొప్పగా చెప్పింది.

ఆయన మొహం విప్పారింది.

"అయితే తేలికది తీసుకో తల్లీ. స్టెబిలైజర్ నీ చేతి వణుకును ఆపుతుంది గానీ, పరిగెత్తేవాళ్ళని ఆపదు కదా! పైగా గంటలకొద్దీ మొయ్యాలి. అసలు సమయానికి చెయ్యి లేవకపోతే ఎంత మంచి లెన్సయినా దండగే."

పట్టుకునే తీరు చూపిద్దామని లెన్స్ అందుకున్నాడు. చేతులు గడగడా వణికాయి.

ఆమె చటుక్కున లాగేసుకుంది.

"పడేస్తారండీ! ముందు మీ చేతుల సంగతి చూసుకోండి. సలహాలు తర్వాత ఇద్దురుగాని."

షాపాయన ఏదో అనబోయి ఆగిపోయాడు.

పెద్దాయన రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు.

"నిజమేనమ్మా," అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ఆమె బరువైనదే కొంది.

పందేల రోజు రెండో గంటకే భుజం పట్టేసింది. ఆఖరి పరుగులో ఆమె లెన్స్ ఎత్తేసరికి, గెలిచినమ్మాయి గీత దాటేసింది. దొరికిన ఒక్క ఫోటోలో మనిషి లేదు, మసక తప్ప.

మర్నాడు ఎడిటర్ పిలిచాడు. చీవాట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళింది.

ఆయన ఆ ఊసే ఎత్తలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్లమీది ఫోటో ఒకటి ముందుకు తోశాడు.

"మొదటి పేజీకి. త్వరగా సిద్ధం చెయ్యమ్మా. పొద్దున్నే పోయారు."

ఆమె ఫోటో చేతిలోకి తీసుకుంది.

షాపులో పెద్దాయన!

"ఎవరు సార్ ఈయన?" అని అడిగింది.

"ముప్పయ్యేళ్ళు మన ఆటల ఫోటోలన్నీ ఆయనవే. చేతులు వణకడం మొదలయ్యాక తనంతట తనే మానేశారు."

"నాకెవరూ చెప్పలేదే..."

"చెప్పొద్దన్నారు," ఎడిటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నూట ఎనభై దరఖాస్తులొస్తే, అందులోంచి నీ ఫోటోలు ఏరి, 'నా ఉద్యోగం ఈ అమ్మాయికే ఇవ్వండి' అని పట్టుబట్టింది ఆయనేనమ్మా."