మొలకల మీద అడుగులు

దొరల బీరు కోసం బార్లీ మొలకెత్తించే ఆ ఇంటికి కిటికీలు లేవు. నల్లరాతి పలకలు పరిచిన నేల, నెత్తికి తగిలే కప్పు, బయటినుంచి తాళం వేసే ఒకే తలుపు. రాత్రి మొలకలు తిరగేసే మనిషి గోడ నుంచి తలుపుదాకా వెనక్కి నడవాలి. తిరగేసినచోట ఒక్క అడుగు పడిందా, మళ్లీ మొదటినుంచీ తిరగేయాల్సిందే.

ఎలీషబా వెనక్కే నడుస్తోంది. అయినా దీపం వెలుగులో, తిరగేసిన మొలకల మీద అడుగులు పడుతున్నాయి, గోడ నుంచి ఆమె వైపు. ఎడమపాదానికి బొటనవేలు లేదు. నిరుడు ఇక్కడే పనిలో ప్రాణం విడిచిన మొగుడు సీమోను పాదం అది.

ఆమె వీపు తలుపుకు తగిలింది. తెల్లవారితే గాని తాళం తీయరు.

"సచ్చినా నిన్నొదల్లేదా, ఈ కొంప?"

ఆమె చేతిలోని చెక్కపారను ఎవరో మెల్లగా అందుకున్నారు. గోడ దగ్గర్నుంచి మొలకలు తిరగేసే చప్పుడు మళ్లీ మొదలైంది.